నీళ్ళు మోసిన మనిషి - స్పిరిడాన్ లూయిస్

మారథాన్ అనే మాట మన వాడుకలో ఎంతగా కలిసిపోయిందంటే, శాసనసభలో ఎవరైనా మూడు గంటలు ఏకబిగిని మాట్లాడితే మారథాన్ ప్రసంగం అంటాం, తెల్లవార్లూ తెమలని సమావేశాన్ని మారథాన్ చర్చలు అంటాం. అసలు అదొక ఊరి పేరు. గ్రీసుదేశంలో, ఏథెన్సుకి ఈశాన్యంగా, సముద్రపు ఒడ్డున వున్న మైదానం. గ్రీకు భాషలో సోపు మొక్కకి ఇంచుమించు అదే పేరు. ఆ మొక్కలు విరివిగా మొలిచే చోటు గనక ఆ పేరు వచ్చిందంటారు. 1896 ఏప్రిల్ 10వ తేదీన, మధ్యాహ్నం రెండు గంటల వేళ, ఆ ఊరి వంతెన దగ్గర పదిహేడుగురు మనుషులు ఏథెన్సు వైపు మొహం పెట్టి నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు స్పిరిడాన్ లూయిస్. ఆయన గురించే ఈ నాలుగు మాటలూ.

విద్యార్థి సంఘం మిత్రులు సావనీరుకి ఏదైనా రాసిమ్మని వచ్చినప్పుడు, నేను పరిగెత్తిన మారథాన్ గురించి రాస్తే బావుంటుందన్నారు. అందులో నా ప్రజ్ఞ ఏమీ లేదు. మాది అన్నవరం. సత్యదేవుని కొండకి నాలుగువందల పైచిలుకు మెట్లు. తెల్లవారుజామున పరిగెత్తి ఎక్కి, పరిగెత్తి దిగి, చెమట ఆరేలోగా ఇంటికి చేరడం చిన్నప్పుడు మా ఆట. ఆ ఆటే నలభై దాటాక మళ్ళీ తిరగబెట్టింది. విశాఖలో నేవీ వారు జరిపే మారథాన్‌లో పేరిచ్చి, మన యూనివర్సిటీ దిగువన వున్న బీచ్ రోడ్డు మీద పూర్తి దూరం పరిగెత్తాను. ఐదున్నర గంటలు పట్టింది. అంతే, ఇంక అందులో రాయడానికేమీ లేదు. కాని ఆ రోడ్డు మీద పడాల్సిన పాట్లన్నీ పడ్డాక లూయిస్ కథ మళ్ళీ చదివితే, అంతకుముందు కంటికి ఆననివి కొన్ని ఆనాయి. అంచేత నా సంగతి అవసరమైన మేరకే చెప్పి, ఆయన సంగతి రాస్తాను.

లూయిస్ 1873 జనవరి 12న మరూసి అనే పల్లెటూళ్ళో పుట్టాడు. ఏథెన్సు నడిబొడ్డుకి పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరం. బీద కుటుంబం. ఆ రోజుల్లో ఏథెన్సులో ఇంటింటికీ కొళాయిలు లేవు. మరూసి ఊటనీళ్ళకి పేరు. తండ్రి ఆ నీళ్ళు పట్నానికి తీసుకెళ్ళి అమ్మేవాడు, కొడుకు మోతకి సాయం. గాడిదల పక్కన పరుగూ నడకా కలిపి పోయి వస్తూ వుండేవాడని చెబుతారు. అది నిజమైతే రోజుకి పాతిక కిలోమీటర్లన్నమాట. దాన్ని ఎవరూ శిక్షణ అనలేదు, ఆయనా అనుకోలేదు. మన గోదావరి జిల్లాల్లో కొళాయిలు రాకముందు కావిడితో ఇళ్ళకి నీళ్ళు పోసేవాళ్ళని చూసిన పెద్దవాళ్ళకి ఈ సంగతి వివరించక్కర్లేదు. ఆ నడక నడకా కాదు, పరుగూ కాదు. బద్ద ఊగే తాళానికి సరిగ్గా, మోకాళ్ళు కాస్త వంచి, చిన్న చిన్న అంగలతో సాగిపోతుంది. నీళ్ళు తొణక్కూడదు, ఆగకూడదు, ఆగితే మళ్ళీ ఎత్తుకోవడం కష్టం. దూరపు పరుగుకి కావాల్సిన ఒడుపు సరిగ్గా అదే. పెద్ద పెద్ద అంగలు వేసేవాడు చూడ్డానికి బావుంటాడు గాని పాతిక కిలోమీటర్లు దాటాక వాడి పని చూడాలి.

1893 నుంచి 1895 దాకా లూయిస్ సైన్యంలో వున్నాడు. అక్కడ ఆయన మీద అధికారిగా పనిచేసిన పాపడియమాంటోపులోస్ అనే కల్నలే తరవాత ఒలింపిక్సు మారథాన్ ఏర్పాట్లకి పెద్ద. ఈ పరిచయం లేకపోతే లూయిస్ పేరు మనదాకా వచ్చేది కాదేమో.

ఇక్కడ మన తెలుగు శాఖ వారికీ, భాషాశాస్త్రం చదివే మిత్రులకీ ఒక ముచ్చట. ఈ పోటీ పెట్టాలని ఆలోచన చేసింది ఆటగాడు కాదు, వ్యాయామోపాధ్యాయుడు కాదు. మిషెల్ బ్రెయల్ అనే ఫ్రెంచి పండితుడు. మాటల అర్థాలు కాలగతిలో ఎలా మారతాయో పరిశీలించే శాస్త్రానికి పేరు పెట్టినవాడు. ఆధునిక ఒలింపిక్సుకి పూనుకున్న కూబెర్తిన్‌కి స్నేహితుడు. క్రీస్తుపూర్వం 490లో మారథాన్ దగ్గర పారశీకుల మీద గెలిచిన వార్త మోసుకుని ఒక వార్తాహరుడు ఏథెన్సు దాకా పరిగెత్తి, చెప్పి, ప్రాణం విడిచాడన్న కథ ఆధారంగా ఆ దారినే ఒక పరుగు పెట్టమనీ, గెలిచినవాడికి వెండి కప్పు తాను ఇస్తాననీ అన్నాడు. తమాషా ఏమిటంటే, ఆ యుద్ధాన్ని వివరంగా రాసిన హెరొడోటస్‌లో ఈ కథ లేదు. ఆయన రాసింది ఫిడిప్పిడిస్ ఏథెన్సు నుంచి స్పార్టాకి సాయం అడగడానికి పరిగెత్తిన సంగతి. అది సుమారు 240 కిలోమీటర్లు. మారథాన్ నుంచి పరిగెత్తి చచ్చిపోయినవాడి కథ కొన్ని వందల ఏళ్ళ తరవాతి రచయితల్లో కనిపిస్తుంది. ఏదైతేనేం, అర్థాలు మారడం గురించి రాసిన పండితుడి చేతుల మీదుగా ఒక ఊరి పేరు పరుగు పేరైంది.

అప్పటి గ్రీసు పరిస్థితి అంతంతమాత్రం. 1893లో ప్రభుత్వం అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. అవెరోఫ్ అనే ధనవంతుడు డబ్బిస్తే పాత స్టేడియానికి పాలరాయి తొడిగించి ఆటలకి సిద్ధం చేశారు. అన్ని వేల మంది జనం ముందు, స్వదేశంలో జరిగిన అథ్లెటిక్సులో గ్రీకులకి మొదటి స్థానం ఒక్కటీ రాలేదు. గ్రీకులు తమదే అనుకున్న డిస్కస్ కూడా అమెరికావాడు పట్టుకుపోయాడు. ఇంక మిగిలింది మారథాన్. అభిమానమంతా దాని మీదే పెట్టుకున్నారు.

పోటీకి ముందే గ్రీకులు రెండుసార్లు ఎంపిక పరుగులు పెట్టారు. మొదటిదాంట్లో వాసిలాకోస్ గెలిచాడు. లూయిస్ రెండోదాంట్లో పరిగెత్తి ఐదో స్థానంలో వచ్చాడు. అంటే బయల్దేరేటప్పటికి ఆయన ఎవరి దృష్టిలోనూ లేడు.

అసలు కథలోకి వెళ్ళేముందు ఇంకొకడి గురించి చెప్పాలి. కార్లో ఐరోల్డి అని ఇటలీవాడు, దూరపు పరుగులో పేరున్నవాడు. రైలుకి డబ్బుల్లేక మిలాన్ నుంచి చాలా దూరం కాలినడకన, సముద్రం అడ్డొచ్చినచోట పడవలో, ఏథెన్సుకి వచ్చాడు. తీరా వచ్చాక, అంతకుముందు ఏదో పందెంలో బహుమతి డబ్బు పుచ్చుకున్నావు గనక నువ్వు అమెచ్యూర్‌వి కావని పోటీలోకి రానివ్వలేదు.

ఈ అమెచ్యూర్ అన్న మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. ప్రేమించేవాడు అని దాని మూలార్థం. పరుగు మీద ఇష్టంతో పరిగెత్తేవాడన్నమాట. వినడానికి ఎంత బావుందో! కాని 19వ శతాబ్దంలో ఇంగ్లండులో కొన్ని సంఘాలు ఈ మాటకి రాసుకున్న నిర్వచనం వేరు. డబ్బు పుచ్చుకోకపోవడం ఒక్కటే చాలదు. చేతిపనివాడు, కూలివాడు అసలు అమెచ్యూరే కాడు. పొద్దస్తమానం ఒళ్ళొంచి పనిచేసేవాడికి బలం వస్తుంది కదా, దొరబిడ్డలతో పోటీకి అది అన్యాయమట. ఆ లెక్కన నీళ్ళు మోసిన లూయిస్ వాళ్ళ దేశంలో గీత దగ్గర నిలబడ్డానికే పనికిరాడు. ఏథెన్సులో ఆ నిబంధన అంత దూరం పోలేదు గనక నిలబడ్డాడు. ఐరోల్డికి తలుపు మూసింది, లూయిస్‌కి తెరిచింది. ఇద్దరూ ఒళ్ళు నమ్ముకుని బతికినవాళ్ళే. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పదిహేడుగురిలో పదముగ్గురు గ్రీకులు. పరాయిదేశం వాళ్ళు నలుగురు: ఆస్ట్రేలియా నుంచి ఫ్లాక్, అమెరికా నుంచి బ్లేక్, ఫ్రాన్సు నుంచి లెర్ముసియో, హంగరీ నుంచి కెల్నర్. మొదటి ముగ్గురికీ ఒక విశేషముంది. మూడు రోజుల కిందటే జరిగిన 1500 మీటర్ల పరుగులో మొదటి మూడు స్థానాలూ ఈ ముగ్గురివే, నేను చెప్పిన వరసలోనే. ఫ్లాక్ అయితే ముందురోజు 800 మీటర్లు కూడా గెలిచి, మర్నాడు దీనికి వచ్చాడు. లండన్‌లో ఉద్యోగం చేస్తున్న అకౌంటెంటు ఆయన.

దారి ఎలాంటిదో చెబితే మిగతా కథ దానంతటదే అర్థమవుతుంది. మారథాన్ మైదానం నుంచి దక్షిణంగా, ఇవాళ నేయా మాక్రి అని పిలిచే ఊరి మీదుగా రోడ్డు పోతుంది. సముద్రం ఎడమచేతివైపు. చల్లగాలి, చదునైన నేల. మొదటి పది కిలోమీటర్లూ హాయి. ఆ తరవాత రోడ్డు సముద్రాన్ని వదిలి లోపలికి తిరుగుతుంది, అక్కణ్ణించి ఎక్కడం. చూస్తే పెద్ద కొండలా కనిపించదు. ఒక ఏటవాలు తరవాత ఇంకొకటి, మధ్యలో చిన్న దిగుడు, మళ్ళీ ఎక్కుడు, ముప్ఫై కిలోమీటర్ల దాకా అదే వరస. అక్కడ నుంచి ఏథెన్సుకి దిగుడు.

మన బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు పోతుంటే సముద్రం కుడిచేతివైపు వుంటుంది. చీకటితో బయల్దేరతాం. జాలర్ల పడవల మీద దీపాలు కనిపిస్తుంటాయి, గాలి మొహానికి తగులుతుంటుంది, కాలు తేలిగ్గా పడుతుంటుంది. ఇంకాస్త వేగం పెంచినా ఏమీ కాదనిపిస్తుంది. సముద్రం చేసే మాయ అది. కైలాసగిరి దాటి రుషికొండ దగ్గర రోడ్డు పైకి లేచేసరికి తూర్పున ఎండ కూడా లేస్తుంది. అప్పటిదాకా ఒంట్లో వున్నదంతా ఎవరెంత ఖర్చుపెట్టారో అక్కడ లెక్క తేలుతుంది. మన కండరాల్లో నిలవ వుండే పిండిసారం మామూలు మనిషికి సుమారు ముప్ఫై కిలోమీటర్లకి సరిపోతుంది. దాన్ని మొదట్లోనే దుబారా చేస్తే, ఆ తరవాత ఎంత మనోబలం వున్నా కాళ్ళు మాట వినవు. 1500 మీటర్ల పరుగువాడికి ఆ పొదుపు అలవాటు వుండదు. నాలుగైదు నిమిషాల్లో ఉన్నదంతా ఊడ్చిపెట్టడమే అతని విద్య.

సరిగ్గా అలాగే జరిగింది. లెర్ముసియో సముద్రపు చల్లగాలికి బాణంలా దూసుకుపోయాడు. గ్రీకుల్ని చాలా వెనక వదిలేశాడు. బ్లేక్ 23 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. లెర్ముసియో 32 దాకా లాక్కొచ్చి కూలబడ్డాడు. అప్పుడు ఫ్లాక్ ముందుకొచ్చాడు. ఆ వార్త స్టేడియానికి చేరేసరికి జనం చప్పబడిపోయారట. కాని వెనక నుంచి చిన్న చిన్న అంగలతో లూయిస్ వస్తూనే వున్నాడు. ముప్ఫై నాలుగు ప్రాంతాల ఫ్లాక్‌ని అందుకున్నాడు. కాసేపు ఇద్దరూ పక్కపక్కనే. తరవాత ఫ్లాక్ తూలడం మొదలెట్టాడు. 37 కిలోమీటర్ల దగ్గర ఒళ్ళు తెలియని స్థితిలో, పట్టుకోవడానికి వచ్చినవాణ్ణే గుద్ది కింద పడ్డాడని చెబుతారు. నన్నడిగితే ఫ్లాక్‌ని తక్కువ చేయక్కర్లేదు. జన్మలో అంత దూరం పరిగెత్తి ఎరగనివాడు అక్కడిదాకా రావడమే గొప్ప.

కల్నల్ గుర్రం మీద ముందుగా వచ్చి రాజుగారికి కబురు చెప్పాడు. దుమ్ము కొట్టుకుపోయి, చెమటతో తడిసి లూయిస్ పాలరాతి స్టేడియంలోకి అడుగుపెట్టేసరికి జనం లేచి నిలబడ్డారు. యువరాజులు కాన్‌స్టంటైన్, జార్జి కిందికి దిగి, చివరి కొన్ని గజాలూ ఆయనకి అటూ ఇటూ పరిగెత్తారు. 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లు. అప్పటి దూరం ఇంచుమించు 40 కిలోమీటర్లు. ఇప్పటి 42.195 కిలోమీటర్ల లెక్క 1908 లండన్ ఒలింపిక్సులో పుట్టి, 1921లో స్థిరపడింది. కిలోమీటరుకి నాలుగున్నర నిమిషాల లోపే పడింది, అదీ మట్టిరోడ్డు మీద, ఆనాటి చెప్పులతో. రెండోవాడు వాసిలాకోస్ ఏడు నిమిషాలు వెనక. మూడోవాడుగా వచ్చిన బెలోకాస్ కొంత దూరం బండెక్కి వచ్చాడని కెల్నర్ ఫిర్యాదు చేయగా, అతన్ని తీసేసి ఆ స్థానం కెల్నర్‌కే ఇచ్చారు. బయల్దేరినవాళ్ళలో దగ్గర దగ్గర సగం మంది స్టేడియం మొహమే చూడలేదు.

లూయిస్ చుట్టూ అల్లుకున్న కథలు చాలా వున్నాయి. ముందురోజంతా ఉపవాసం వుండి, రాత్రంతా ప్రార్థన చేశాడని ఒకటి. మా అన్నవరంలో ఉపవాసంతో మెట్లెక్కి, వ్రతం చేసుకుని, ఆకుపొట్లంలో గోధుమరవ్వ ప్రసాదం నోట్లో వేసుకుని దిగేవాళ్ళని రోజూ చూస్తాం గనక ఈ కథ నాకు వింతగా లేదు. కాని పరుగు సంగతి తెలిసినవాడిగా, ఉత్త కడుపుతో ఆ చివరి ఎక్కుడు అలా ఎక్కాడంటే నమ్మడం కొంచెం కష్టమే. దారిలో పికర్మి ఊళ్ళో ఆగి ఒక గ్లాసు వైన్ తాగాడనీ, ముందు ఎంతమంది వున్నారో అడిగి, అందరినీ దాటిపోతానని ధీమాగా చెప్పాడనీ ఇంకొకటి. ఇది మాత్రం నేను నమ్ముతాను. గ్లాసు కోసం కాదు, ఆగడం కోసం. పోటీ మధ్యలో ఆగి నాలుగు మాటలు మాట్లాడగలిగినవాడి దగ్గర ఊపిరి ఇంకా మిగిలి వుందన్నమాట.

ఏం కావాలో కోరుకోమని రాజుగారు అడిగితే, నీళ్ళు తోలుకోవడానికి ఒక బండీ, దాన్ని లాగే గాడిదా చాలన్నాడని అందరూ చెప్పేది. క్షౌరశాలవాడు జన్మంతా ఉచితంగా గడ్డం గీస్తానన్నాడనీ, ఇంకొకడు ఇంకొకటి ఇస్తానన్నాడనీ పుకార్లు. వాటిలో ఎంత నిజమో ఎంత కల్పనో గాని ఒక్కటి రూఢి. ఆయన మళ్ళీ పోటీలో పరిగెత్తలేదు. వెండి పతకం (ఆ ఏడు మొదటి స్థానానికి ఇచ్చింది వెండే), ఆలివ్ కొమ్మ, బ్రెయల్ వెండి కప్పు తీసుకుని మరూసి వెళ్ళిపోయాడు. అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఇవాళైతే ఏమయ్యేవాడో ఊహించుకోండి.

మర్నాడు, ఏప్రిల్ 11న, అదే దారిన ఇంకొకరు పరిగెత్తారు. స్టమాటా రెవిథి అనే పేదరాలు, చంకలో పసిబిడ్డ తల్లి, పని వెతుక్కుంటూ ఏథెన్సుకి వచ్చింది. ఆడవాళ్ళకి పోటీలో చోటు లేదన్నారు. పొద్దున ఎనిమిదింటికి మారథాన్‌లో బయల్దేరి, ఊరివాళ్ళ చేత బయల్దేరిన వేళ కాగితం మీద రాయించుకుని సంతకాలు పెట్టించుకుని, ఐదున్నర గంటల్లో ఏథెన్సు చేరింది. స్టేడియంలోకి రానివ్వలేదు. అటుతరవాత ఆమె ఏమైందో చరిత్రకి అందలేదు. ఆడవాళ్ళ మారథాన్ ఒలింపిక్సులోకి వచ్చింది 1984లో, లాస్ ఏంజెల్స్‌లో. నా ఐదున్నర గంటలూ ఆమె ఐదున్నర గంటలూ ఒకటి కాదు సుమండీ. నాకు ప్రతి రెండు కిలోమీటర్లకీ నీళ్ళిచ్చేవాళ్ళున్నారు, చప్పట్లు కొట్టేవాళ్ళున్నారు.

లూయిస్ తరవాతి జీవితం గురించి పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. నాకు మాత్రం ఆ మూడు గంటలకంటే ఈ నలభై నాలుగేళ్ళే ఎక్కువ పట్టుకున్నాయి. పెళ్ళి, పిల్లలు, వ్యవసాయం, తరవాత ఊళ్ళో పోలీసు కొలువు. గ్రీకు భాషలో ఆయన పేరు జాతీయమైపోయింది. మనం కాళ్ళకి బుద్ధి చెప్పాడు అనే చోట, వాళ్ళు లూయిస్ అయిపోయాడు అంటారు. పేరు అలా జనం నాలుక మీద ఆడుతుండగానే, 1926లో ఆ మనిషిని సైనిక పత్రాలు తారుమారు చేశాడన్న అభియోగం మీద జైల్లో పెట్టారు. ఏడాది పైన జైల్లో వున్నాక, 1927లో విచారణ జరిగి నిర్దోషి అన్నారు. పత్రికలు గోల చేశాయి. కాని పోయిన ఏడాది ఎవరిస్తారు? గెలిచిననాడు అటూ ఇటూ పరిగెత్తిన యువరాజులకీ ఆపాటికి రోజులు బాగాలేవు. కాన్‌స్టంటైన్ రాజై, రెండుసార్లు గద్దె దిగి, 1923లో పరాయిగడ్డ మీద చనిపోయాడు.

1936లో బెర్లిన్ ఒలింపిక్సుకి జర్మనీవాళ్ళు లూయిస్‌ని అతిథిగా పిలిచారు. అరవై మూడేళ్ళ మనిషి, గ్రీకుల పాతకాలపు కుచ్చెళ్ళ గౌను వేసుకుని, తమ దేశపు జట్టుతో నడిచాడు. ఒలింపియా నుంచి తెచ్చిన ఆలివ్ కొమ్మని హిట్లర్ చేతికి ఇచ్చాడు. శాంతికి గుర్తు ఆ కొమ్మ. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు అదోలా వుంటుంది. ఊళ్ళో పొలం చేసుకునే పెద్దాయన, పిలిచారు గనక వెళ్ళాడు, ఇమ్మన్నది ఇచ్చాడు. పిలిచినవాళ్ళకి కావలసింది ఆయన కాదు, ఆ దృశ్యం. 1940 మార్చి 26న లూయిస్ మరూసిలో చనిపోయాడు. ఆ అక్టోబరులో ఇటలీ సైన్యాలు గ్రీసు మీదికి వచ్చాయి. 1941 ఏప్రిల్లో ఏథెన్సు జర్మన్ల చేతిలో పడింది. అది చూడకుండానే పోయాడు.

మరూసి ఇప్పుడు పల్లె కాదు, ఏథెన్సులో కలిసిపోయింది. 1982లో అక్కడ తెరిచిన పెద్ద ఒలింపిక్ స్టేడియానికి లూయిస్ పేరే పెట్టారు. 2004 ఒలింపిక్సు అందులోనే జరిగాయి. ఆ ఏడు మారథాన్ మాత్రం పాత దారినే, మారథాన్ ఊరి నుంచి పాలరాతి స్టేడియం దాకా పెట్టారు.

బ్రెయల్ ఇచ్చిన వెండి కప్పు జానెడు ఎత్తు కూడా వుండదు. కుటుంబంలోనే చేతులు మారుతూ మనవడి దాకా వచ్చింది. 2012 ఏప్రిల్లో ఆయన దాన్ని లండన్‌లో వేలానికి పెట్టాడు. గ్రీసు మళ్ళీ అప్పుల్లో మునిగి వున్న రోజులవి. 5,41,250 పౌన్లకి ఒక గ్రీకు ధర్మసంస్థే కొని, జనం చూసేలా వుంచుతామని చెప్పి, కప్పుని ఏథెన్సుకి తిరిగి తెచ్చింది.